క్రిస్టల్ ఓవెన్‌కు ఏ ఫోమ్?

క్వార్ట్జ్ క్రిస్టల్ చుట్టూ ఉష్ణోగ్రత మారితే దాని ఫ్రీక్వెన్సీ కూడా మారుతుంది. అందుకే కచ్చితత్వం కావలసిన చోట క్రిస్టల్‌ను చిన్న ఓవెన్‌లో పెట్టి, బయటి వాతావరణం కన్నా బాగా పైన, సాధారణంగా 80–90 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఒకే వేడి దగ్గర నిలబెడతారు. దీన్నే ఓసీఎక్స్‌ఓ అంటారు. ఇందులో క్రిస్టల్ కోత గురించి, వేడిని కొలిచే థర్మిస్టర్ ఎక్కడ అతికించాలనే దాని గురించి, హీటర్ సర్క్యూట్ గురించి రాసింది చాలానే ఉంది. ఓవెన్ చుట్టూ కప్పే ఫోమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చర్చ చిక్కుపడుతుంది. డేటా షీట్‌లో ఉష్ణవాహకత తక్కువ ఉన్నది తీసుకుంటే చాలని కొందరు, అసలు ఫోమ్ వద్దు వాక్యూమ్ కావాలని కొందరు, కంట్రోలర్ బాగుంటే ఏది కప్పినా ఒకటేనని మరికొందరు అంటారు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయినా ఓవెన్ నడిచినంత కాలం ఆ ఉష్ణవాహకత ఎంత నిలకడగా ఉంటుందన్నదే మొదటి ప్రశ్న కావాలి. అది ఎంత తక్కువ అన్నది రెండో ప్రశ్న. ఈ వరుస తిరగబడినందువల్లే చర్చ ఇంతగా ముడిపడింది.

వాదన ఎక్కడ మొదలైంది

క్యూరీ సోదరులు పీజో విద్యుత్తును గుర్తించింది 1880లో. వాల్టర్ కేడీ క్రిస్టల్ ఆసిలేటర్ తయారుచేసింది 1920ల మొదట్లో. 1927లో బెల్ ల్యాబ్స్‌లో వారెన్ మారిసన్ క్వార్ట్జ్ గడియారం నడిపించాడు. ఆ రోజుల్లో వాడిన క్రిస్టల్ కోతలకు ఉష్ణోగ్రత ప్రభావం ఎక్కువ కాబట్టి ఓవెన్ తప్పనిసరి అయింది. 1934లో ఏటీ కోత వచ్చాక ఆ భారం బాగా తగ్గింది. ఓవెన్ అవసరం మాత్రం పోలేదు, ఎందుకంటే కచ్చితత్వం మీద ఆశ కూడా దానితోపాటే పెరిగింది. 1970ల నడుమ ఎస్‌సీ కోతను సిద్ధాంతరీత్యా చూపించాక ఓవెన్ డిజైన్ మరో మలుపు తిరిగింది. వేడి హఠాత్తుగా మారినప్పుడు ఏటీ క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ ఒక్కసారి ఎగిరిపడుతుంది. ఎస్‌సీలో ఆ గుణం బాగా తక్కువ, పైగా దాని వేడి–ఫ్రీక్వెన్సీ గీత వంపు తిరిగే చోటు ఓవెన్ నడిచే వేడికి దగ్గరగా కుదురుతుంది. హ్యూలెట్ ప్యాకార్డ్ వారి 10811 ఈ తరానికి ప్రసిద్ధ ఉదాహరణ: ఎస్‌సీ క్రిస్టల్, లోహపు దిమ్మ, చుట్టూ ఫోమ్.

ఫోమ్ కథ దీనికి సమాంతరంగా నడిచింది. జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలీయురెథేన్ రసాయనాన్ని కనిపెట్టింది 1937లో. దాని నుంచి వచ్చిన గట్టి ఫోమ్‌నే మన దగ్గర పఫ్ అంటారు. ఫ్రిజ్ గోడల్లో, కోల్డ్ స్టోరేజీ ప్యానెళ్లలో ఉండేది అదే. దాన్ని ఉబ్బించడానికి దశాబ్దాలపాటు సీఎఫ్‌సీ 11 వాయువు వాడారు. ఆ వాయువు గాలి కన్నా మూడో వంతు మాత్రమే వేడిని మోస్తుంది కాబట్టి ఫోమ్ అంకెలు గొప్పగా కనిపించేవి. ఓజోన్ పొర కోసం 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక ఆ వాయువు పోయింది. దాని బదులు వచ్చిన హెచ్‌సీఎఫ్‌సీ 141బీ వాడకాన్ని భారతదేశం కూడా 2020 జనవరి 1 నుంచి ఆపేసింది. ఇప్పుడు ఎక్కువగా సైక్లోపెంటేన్, కార్బన్ డయాక్సైడ్ వంటివి వాడుతున్నారు. అంటే పాత పుస్తకాల్లో పాలీయురెథేన్ పేరు పక్కన కనిపించే అంకె ఈనాడు దుకాణంలో దొరికే పదార్థానిది కాదు. ఈ చర్చలో చాలామంది ఒకరి అంకెను ఒకరు నమ్మకపోవడానికి ఇదొక కారణం.

మూడు పక్షాలు

ఓవెన్‌ను దేనితో కప్పాలన్న దగ్గర మూడు పక్షాలున్నాయి. మొదటిది వాక్యూమ్ పక్షం. డ్యూవార్ ఫ్లాస్క్, అంటే ఇళ్లలో టీ పోసుకునే థర్మాస్ లాంటిదే, ఓవెన్‌కు తొడుగుతారు. స్విట్జర్లాండ్‌లోని ఆసిలోక్వార్ట్జ్ సంస్థ తన 8600 శ్రేణి ఆసిలేటర్లలో ఈ దారి పట్టింది. నిలకడలో అవి పేరు మోసినవి. ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఫ్లాస్క్ గోడల నుంచి వేడి దాదాపు పోదు, పోయేదంతా మూతి దగ్గరి నుంచే. ఆ మూతికి మళ్లీ ఫోమ్ బిరడానే పెట్టాలి, తీగలు కూడా అందులోంచే రావాలి. ఫోమ్ ప్రశ్న అక్కడ చిన్నదవుతుంది తప్ప మాయం కాదు.

రెండోది ఫోమ్ పక్షం. చవక, తేలిక, ఏ ఆకారంలోనైనా కోయవచ్చు. లోపలి దిమ్మను అన్ని వైపులా సమానంగా పట్టుకుని ఉంటుంది కూడా. ఎక్కువ ఓవెన్లు ఈ దారిలోనే నడిచాయి.

మూడో పక్షం గాలినే నమ్ముతుంది. కదలని గాలి ఉష్ణవాహకత సాధారణ ఉష్ణోగ్రత దగ్గర 26. ఇక్కడా, కింద కూడా ఈ అంకెలు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు మిల్లీవాట్లలో ఉన్నాయి. థర్మాకోల్ 33 నుంచి 40, స్పాంజి 35 నుంచి 45 ఉంటాయి కాబట్టి గాలే మేలు కదా అని వీరి ప్రశ్న. ప్రశ్న సరైనదే. గాలిపొరకు ఉన్న చిక్కులు రెండు. పొర మందం పెరిగితే గాలి తిరగడం మొదలవుతుంది: లోపల 85, బయట 25 డిగ్రీలు ఉన్నప్పుడు, వేడి వైపు కింద ఉంటే సుమారు 7 మిల్లీమీటర్లు దాటాక ప్రవాహం పుడుతుంది. అప్పుడు పెట్టెను పక్కకు తిప్పినా వేడి నష్టం మారిపోతుంది. రెండోది రేడియేషన్. 7 మిల్లీమీటర్ల పొరలో గాలి మోసే వేడికి దాదాపు రెండింతలు నల్లని ఉపరితలాల మధ్య రేడియేషన్‌గా దాటిపోతుంది. మెరిసే అల్యూమినియం అయితే అది పదో వంతుకు పడిపోతుంది. అంటే సన్నటి పొర, రెండు వైపులా మెరుగుపెట్టిన లోహం ఉంటే ఫోమ్ లేకుండానే ఫోమ్‌తో సమానమైన ఫలితం వస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల చోటు మాత్రమే ఉండే చిన్న ఓసీఎక్స్‌ఓల్లో ఈ పక్షానిదే గెలుపు. అక్కడ ఫోమ్ కూరినందువల్ల పెద్దగా ఒరిగేది లేదు.

చోటు ఉన్న పెద్ద ఓవెన్లలో ఫోమ్‌కు ఒక అదనపు గుణం అక్కరకొస్తుంది. ఫోమ్‌లో వేడి అల మెల్లగా కదులుతుంది. బయట ఫ్యాన్ గాలి ఒక్కసారి విసిరితే, 10 మిల్లీమీటర్ల ఫోమ్ దాటి ఆ సంగతి లోపలికి తెలియడానికి పదుల సెకన్లు పడుతుంది. అంతే మందం ఉన్న గాలిపొరలో అయితే ఒకటి రెండు సెకన్లే. మరీ తేలికైన ఫోమ్ కన్నా కాస్త బరువైన ఫోమ్ ఈ పని మెరుగ్గా చేయవచ్చు. ఉష్ణవాహకత ఒక్కటే చూసేవాళ్లకు ఇది కనిపించదు.

లెక్క వేసి చూస్తే

ఒక మామూలు ఓవెన్ తీసుకుందాం. 30, 25, 20 మిల్లీమీటర్ల అల్యూమినియం దిమ్మ, చుట్టూ 10 మిల్లీమీటర్ల ఫోమ్. లోపల 85 డిగ్రీలు, బయట 25. సగటు వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, 25 అంకె ఉన్న ఫోమ్ నుంచి పోయే వేడి 0.9 వాట్లు. అదే 35 అంకె ఉన్నదైతే 1.26. 15 అంకె ఉన్న ఏరోజెల్ దుప్పటి అయితే 0.54. ఇక్కడి వరకు డేటా షీట్ అంకెను నమ్మేవాళ్ల మాట నిజమే. ఇప్పుడు తీగలు చూడాలి. పావు మిల్లీమీటర్ వ్యాసం, 30 మిల్లీమీటర్ల పొడవు ఉన్న రాగి తీగ ఒక్కటి ఇదే తేడా దగ్గర సుమారు 0.04 వాట్లు మోసుకుపోతుంది. ఆరు తీగలు ఉంటే 0.24. వాటిని కాన్‌స్టంటాన్ మిశ్రలోహానికి మారిస్తే ఆ నష్టం ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. మంచి ఫోమ్ నుంచి ఖరీదైన ఏరోజెల్‌కు వెళ్తే మిగిలేది 0.36 వాట్లు, తీగలు మారిస్తే మిగిలేది 0.23 వాట్లు. రెండో పనికి అయ్యే ఖర్చు నామమాత్రం. పైగా తీగ మోసే వేడి దిమ్మలో ఒకే చోట నుంచి పోతుంది కాబట్టి అది వేడిని సమంగా ఉండనివ్వదు. ఫోమ్ గురించి వాదించే ముందు తీగల లెక్క తేల్చుకోవడం న్యాయం.

మందం పెంచితే సరిపోతుంది కదా అనే మాటకూ హద్దు ఉంది. లెక్క సులువు కావడానికి దిమ్మను 15 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళం అనుకుంటే, చుట్టూ 15 మిల్లీమీటర్ల ఫోమ్‌తోనే అనంతమైన మందం ఇచ్చే అడ్డంకిలో సగం వచ్చేస్తుంది. 30 మిల్లీమీటర్లకు మూడింట రెండు వంతులు, 45కు నాలుగింట మూడు వంతులు. అంతకు మించి కప్పిన ప్రతి పొర పెట్టెను పెద్దది చేస్తుంది గానీ వేడిని పెద్దగా ఆపదు.

మరీ ఎక్కువ కప్పితే

వేడి ఎంత తక్కువ పోతే అంత మంచిదని అనుకోవడం సహజం. ఓవెన్‌లో అది ఒక హద్దు వరకే నిజం. హీటర్ వేడి చేయగలదు కానీ చల్లబరచలేదు. ఆసిలేటర్ సర్క్యూట్, రెగ్యులేటర్ లోపలే ఉంటే అవి కూడా, అనుకుందాం, 0.2 వాట్లు ఖర్చుచేస్తాయి. రాగి తీగలతో కలిపి పై ఫోమ్ ఓవెన్ ఒక డిగ్రీకి 0.019 వాట్లు వదులుతుంది, ఏరోజెల్ ఓవెన్ 0.013. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో టవర్ కింద ఉన్న క్యాబినెట్ లోపల 70 డిగ్రీలు అయిందనుకుంటే తేడా 15 డిగ్రీలే. ఫోమ్ ఓవెన్ నుంచి 0.285 వాట్లు పోవాలి, అందులో 0.085 హీటర్ చేతిలో మిగులుతుంది. ఏరోజెల్ ఓవెన్ నుంచి పోయేది 0.195 మాత్రమే, లోపల పుట్టేదేమో 0.2. హీటర్ పూర్తిగా ఆగిపోతుంది, ఓవెన్ బయటి వేడి వెంట పైకి పోతుంది. ఆ క్షణం నుంచి అది ఓవెన్ కాదు, మూసిన డబ్బా. ఎండ ఎక్కువ కాసే ప్రాంతాలకు పరికరం పంపేవాళ్లు ఫోమ్‌ను ఎంచాల్సింది చలికాలపు విద్యుత్ ఖర్చును బట్టి కాదు, వేసవి మధ్యాహ్నాన్ని బట్టి.

దీనికి ఎదురుమాట ఉంది: బ్యాటరీ మీద నడిచే పరికరాల్లో ప్రతి మిల్లీవాటూ లెక్కే కదా అని. నిజమే. అలాంటి చోట వాక్యూమ్ తొడుగులో పెట్టిన చిన్న ఆసిలేటర్లే సరైనవి. అప్పుడు సర్క్యూట్ ఖర్చును కూడా అదే నిష్పత్తిలో తగ్గించాలి లేదా దాన్ని ఓవెన్ బయటికి తేవాలి. కప్పడం ఒక్కటే చేసి మిగతాది వదిలేస్తే పై లెక్కే ఎదురవుతుంది.

డేటా షీట్ అంకె ఎంతకాలం నిలుస్తుంది

గట్టి పాలీయురెథేన్‌కు 22 అని, ఇంకా తక్కువ అని అంకె రాసి ఉంటుంది. అది తాజా ఫోమ్‌ది. ఫోమ్‌లోని చిన్న గదుల్లో చిక్కుకున్న వాయువు కాలక్రమంలో బయటికి పోయి గాలి లోపలికి వస్తుంది, అంకె పైకి జరుగుతుంది. ఇందుకు పట్టే కాలం మందం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ గోడలో 50 మిల్లీమీటర్ల పలకకు పట్టే కాలంలో ఇరవై అయిదో వంతులోనే, దాని నుంచి కోసిన 10 మిల్లీమీటర్ల ముక్క అదే దశకు చేరుతుంది. పై తోలు కోసేసి, ఒక పక్క 85 డిగ్రీల దిమ్మకు ఆనించి పెడితే ఇంకా త్వరగా. కాబట్టి ఓవెన్‌లో ఉండేది కొద్ది కాలానికే గాలి నిండిన ఫోమ్. పైగా డేటా షీట్ అంకెలు సాధారణంగా 10 లేదా 24 డిగ్రీల సగటు దగ్గర కొలిచినవి. మన ఫోమ్ సగటు 55. గాలి వాహకతే అక్కడికి సుమారు పది శాతం పెరుగుతుంది.

ఇందులోంచి వచ్చే ఆచరణ సూచన చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. ఓవెన్‌కు తాజా ఫోమ్ కన్నా ముదిరిన ఫోమ్ మేలు. ముక్కలు కొలతకు కోసి, ఓవెన్ నడిచే వేడి కన్నా కాస్త పైన కొన్ని వారాలు ఉంచి, వాయువు మార్పిడి, ఆకారంలో కుదింపు అన్నీ అయ్యాక అమర్చాలి. అంకె కొంచెం ఎక్కువవుతుంది, ఆ తర్వాత దాదాపు అక్కడే నిలుస్తుంది. పై లెక్కనే వాడితే 22కూ 27కూ మధ్య తేడా ఒక వాటులో అయిదో వంతు కూడా లేదు. ఆ కాస్త విద్యుత్తు ఇచ్చి ఏళ్ల నిలకడ కొనుక్కోవడం మంచి బేరం.

వేడి తట్టుకోవడం ఇంకో సంగతి. ఏళ్ల తరబడి నడిచిన పాలీయురెథేన్ ఓవెన్‌ను విప్పితే, బయటి వైపు లేత పసుపు రంగులో గట్టిగా ఉన్న ఫోమే దిమ్మకు ఆనిన వైపు గోధుమరంగుకు తిరిగి, గోటితో గీరితే పొడిగా రాలడం చూడవచ్చు. తీగ దూరిన రంధ్రం చుట్టూ ఫోమ్ గదుల గోడలు చెదిరి సన్నటి సొరంగం ఏర్పడుతుంది. ఆ సొరంగంలో గాలి తిరగడం మొదలైతే ఏ డేటా షీట్ అంకె అయినా వృథానే. మెత్తటి స్పాంజి రకాల్లో పాలియెస్టర్ ఆధారితమైనవి తేమలో, వేడిలో నీటితో విచ్ఛిన్నమై జిగురుగానో పొడిగానో మారతాయి. వాటిని ఓవెన్ దగ్గరికి రానివ్వకూడదు.

తేమ

నీటి ఉష్ణవాహకత సుమారు 600, గాలి కన్నా ఇరవై రెట్లకు పైన. నడుస్తున్న ఓవెన్‌లో లోపలి వైపు వేడిగా, పొడిగా ఉంటుంది కాబట్టి తేమ బయటికి నెట్టబడుతుంది. ఓవెన్ ఆపాక కథ మారుతుంది. చల్లబడుతున్న డబ్బా బయటి గాలిని పీల్చుకుంటుంది, గదులు తెరిచి ఉండే ఓపెన్ సెల్ ఫోమ్ ఆ గాలిలోని తేమను తనలోకి రానిస్తుంది. విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి తీరప్రాంతంలో వానాకాలంలో కొన్ని రోజులు ఆగి మళ్లీ మొదలైన ఓవెన్, ఫోమ్ ఆరేదాకా హీటర్ కరెంటును మెల్లమెల్లగా మార్చుకుంటూ పోతుంది. అక్కడ ఫోమ్ మీద కన్నా డబ్బా మీద దృష్టి పెట్టాలి. డబ్బాను సోల్డర్ చేసి పొడి నైట్రోజన్ నింపి మూసేస్తే ఓపెన్ సెల్, క్లోజ్డ్ సెల్ వివాదం సగానికి పైగా తీరిపోతుంది. మూయని డబ్బా అయితే గదులు మూసి ఉండే క్లోజ్డ్ సెల్ తప్ప వేరే దారి లేదు.

కంట్రోలర్ ఉండగా ఫోమ్ మీద ఇంత చర్చ ఎందుకు?

మూడు పక్షాలకూ ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఇదే. ఫోమ్ మారితే హీటర్ కరెంటు సర్దుకుంటుంది, థర్మిస్టర్ దగ్గర వేడి అదే ఉంటుంది కదా? థర్మిస్టర్ దగ్గర ఉంటుంది, క్రిస్టల్ దగ్గర ఉంటుందని మాత్రం చెప్పలేం. ఆ రెంటి మధ్య ఉండే చిన్న తేడా హీటర్ ఇచ్చే శక్తితో పాటు మారుతుంది. ఫోమ్ వాహకత 20 శాతం పెరిగితే హీటర్ శక్తి దాదాపు అదే మేర పెరగాలి. 60 డిగ్రీల తేడా మీద అది బయటి ఉష్ణోగ్రత 12 డిగ్రీలు పడిపోయినట్టే. ఓవెన్ బయటి మార్పును వెయ్యో వంతుకు తగ్గించగలిగితే క్రిస్టల్ దగ్గర 12 మిల్లీడిగ్రీల మార్పు మిగులుతుంది. క్రిస్టల్ వంపు తిరిగే చోటుకు అతి దగ్గరగా పెట్టినా డిగ్రీకి 100 కోట్లలో ఒక వంతు వాలు మిగిలిందనుకుంటే, ఫ్రీక్వెన్సీ పదివేల కోట్లలో 1.2 వంతులు జరుగుతుంది. ఇది ఎంత? జీపీఎస్ సంకేతం పోయాక మొబైల్ బేస్ స్టేషన్ ఒక రోజంతా ఒకటిన్నర మైక్రోసెకన్ లోపల నిలవాలంటే సగటు పొరపాటు పదివేల కోట్లలో 1.7 వంతులు దాటకూడదు. మూడింట రెండు వంతులు ఫోమే తినేసింది.

ఇక్కడ అభ్యంతరం చెప్పేవాళ్లకు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ 20 శాతం మార్పు అయిదేళ్లలో వస్తే ఏ హానీ లేదు. క్రిస్టల్ సొంత వయసు మార్పు దాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ఆ మార్పును జీపీఎస్ ఉన్నప్పుడు కొలిచి ముందే సవరిస్తారు. నెమ్మదిగా ముదిరే ఫోమ్ ఆ సవరణలో కలిసిపోతుంది. కలిసిపోనివి గంటల్లో, రోజుల్లో వచ్చే మార్పులు: తేమ ఎక్కి దిగడం, పగుళ్లలో గాలి తిరగడం, తీగ పక్కన ఖాళీ, పెట్టెను తిప్పితే మారే ప్రవాహం. ఓవెన్ గెయిన్‌ను, అంటే బయటి మార్పును ఎన్నో వంతుకు తగ్గిస్తుందో చెప్పే అంకెను, లక్షకు, అంతకు పైకి తీసుకెళ్లిన డిజైన్లలో ఇవి కూడా పట్టించుకోనక్కర్లేనంత చిన్నవవుతాయి. అంత గెయిన్ రావాలంటే దిమ్మ చుట్టూ వేడి సమంగా పోవాలి. ఆ సమత్వం ఇచ్చేది మళ్లీ ఖాళీలు లేకుండా, ఒకే తీరుగా కుదిరిన ఫోమే. కంట్రోలర్ ఎంత మెరుగైతే ఫోమ్ అంకె అంత అప్రధానమవుతుంది, ఫోమ్ అమరిక అంత ముఖ్యమవుతుంది.

పదార్థాలను పక్కపక్కన పెడితే

థర్మాకోల్, దాని గట్టి రూపమైన ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ 75–80 డిగ్రీలకే మెత్తబడతాయి. ఓవెన్‌కు నేరుగా ఆనించే ప్రశ్నే లేదు, బయటి రెండో పొరగా మాత్రమే పనికొస్తాయి. మామూలు పఫ్ వంద డిగ్రీల దాకా లాగగలదు గానీ 85 దగ్గర ఏళ్లు గడిపితే లోపలి వైపు మాడుతుంది. దాని దాయాది పాలీఐసోసైనురేట్ అంతకు బాగా పైన కూడా నిలుస్తుంది, గదులు మూసి ఉంటాయి, వాహకత దాదాపు అంతే. మూయని డబ్బాలకు, ముందే ముదరబెట్టిన ఈ ఫోమే మంచి ఎంపిక. మెలమైన్ ఫోమ్ 200 డిగ్రీలకూ చెక్కుచెదరదు, మెత్తగా కోతకు వస్తుంది, అంకె 35 చుట్టూ. కానీ ఓపెన్ సెల్. సీల్ చేసిన డబ్బాలో దీన్ని మించిన నిలకడ దొరకడం కష్టం, ఎందుకంటే గదుల్లో ఉన్నది మొదటి రోజు నుంచీ డబ్బాలోని వాయువే, మారడానికి ఏమీ లేదు. సిలికోన్ ఫోమ్ మన్నుతుంది గానీ అంకె 60 దాటుతుంది. దాని నుంచి వెలువడే తేలిక సిలోక్సేన్లు రిలేల, ట్రిమ్మర్ల కాంటాక్టుల మీద పొరగా చేరతాయి. ఏరోజెల్ దుప్పటి అంకె అద్భుతం, వేడికి భయం లేదు. దుమ్ము రాలుతుంది కాబట్టి కాప్టాన్ టేప్‌తో అంచులన్నీ మూయాలి, వేసవి లెక్క ముందుగా చూసుకోవాలి.

డబ్బాలో పోసి ఉబ్బించే ఫోమ్ గురించి విడిగా ఒక మాట. ఖాళీలు లేకుండా నిండుతుందనేది దాని ఆకర్షణ. ఉబ్బేటప్పుడు అది వేడిని, ఒత్తిడిని పుట్టిస్తుంది, గట్టిపడ్డాక భాగాలను బిగించి పట్టుకుంటుంది. ఆసిలేటర్ సర్క్యూట్‌కు తగిలితే దాని కెపాసిటెన్స్‌లో కొంత భాగం అవుతుంది, తేమతో ఆ భాగం మారుతుంది. మళ్లీ విప్పడానికి వీలుండదు. కొలతకు కోసిన రెండు ముక్కలు, అతుకులు ఒకే గీతలో పడకుండా మెట్టుగా కోసినవి, ఈ పనిని తక్కువ బాధతో చేస్తాయి.

తేలనివి

పెద్ద ఓవెన్లలో సాంద్రత ఎంత ఉండాలన్నది ఇంకా తేలలేదు. బరువైన ఫోమ్ గాలి విసుర్లను మెరుగ్గా వడపోస్తుంది, కానీ దాని ఘనపదార్థం వేడిని కూడా ఎక్కువ మోస్తుంది. ఈ రెండూ సరితూగే చోటు కంట్రోలర్ వేగాన్ని బట్టి మారుతుంది. ఏరోజెల్‌ను లోపలి పలుచటి పొరగా, పాలీఐసోసైనురేట్‌ను బయటి మందపు పొరగా కలిపితే రెంటి మేలూ వస్తుందా అన్నది కూడా డిజైన్‌ను బట్టి కొలిచి తేల్చుకోవాల్సిందే. వాక్యూమ్ తొడుగులో ఏళ్ల తర్వాత ఎంత ఒత్తిడి పెరుగుతుందన్నది తయారీలో వాడిన ప్రతి జిగురు, ప్రతి రంగు మీద ఆధారపడి ఉంటుంది.

ఇవన్నీ తేల్చగల కొలత ఒకటుంది, చాలా చవకైనది. 25 డిగ్రీల గదిలో ఓవెన్ స్థిరపడ్డాక హీటర్ కరెంటు ఎంత తీసుకుంటుందో తయారీ రోజునే డబ్బా మీద రాయాలి. ఆ తర్వాత ఏటా అదే గదిలో, వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, పక్కకు తిప్పి ఒకసారి కొలవాలి. గది వేడి, క్రిస్టల్ వేడి మారనప్పుడు ఆ కరెంటులో వచ్చే ప్రతి మార్పూ దాదాపు ఇన్సులేషన్‌దే.